వాల్వు మీద మనిషి

తవిటయ్య ఆ మాట అన్నది సద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటూ. అదేమంత పెద్ద మాట కాదు. నిన్న మధ్యాహ్నం మిల్లులో క్యారేజీలు విప్పడానికి ఎక్కడా నీడ దొరక్క రెండో గ్యాస్ ప్లాంటు వైపు నడిచామనీ, అక్కడ నీలం చక్రమున్న పెద్ద వాల్వు కింద కూర్చుని తిన్నామనీ, ఆ చక్రం మీద పెయింటు ఇంకా నిగనిగలాడుతోందనీ చెప్పాడు. గ్యాంగులో ఒకడు తడి తువ్వాలు ఆ చక్రానికే ఆరేశాడట. ఫ్యాక్టరీలో కూడా మీకు దండెం దొరికిందా అని అతని పెళ్ళాం గంగాభవాని నవ్వింది.

నీలిమ నవ్వలేదు. టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"ఆ వాల్వు ఏ లైను మీద ఉంది బావా?"

"నాకేటి తెలుసు. పైనున్న గొట్టాలన్నీ ఒక్కలాగే అవుపిస్తాయి. ఫర్నేసు కాడికి ఎల్లీదేమో."

అక్క మొగుడు తవిటయ్య అచ్యుతాపురం దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఉక్కు మిల్లులో కాంట్రాక్టు ఫిట్టర్లకి మేస్త్రీ. మిల్లు ఆపి మరమ్మతులు చేసుకోవడానికి ఏటా జరిగే షట్‌డౌన్ మొదలైంది. ఫర్నేసుకి గ్యాసు తీసుకుపోయే గొట్టంలోకి దిగి, మసి గోకి, తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతకడం ఈసారి అతని గ్యాంగు పని. ఎల్లుండి దిగుతారు. వంగి నడిస్తే మనిషి పట్టేంత గొట్టం అది. అందులో పారే గ్యాసుకి రంగూ లేదు, వాసనా లేదు. పీలుస్తున్నానని తెలిసేలోపే కాళ్ళు పడిపోతాయి.

మిల్లులో ఏ గొట్టంలోకి దిగాలంటే ఏ వాల్వు తిప్పి కట్టెయ్యాలో ఇప్పుడు ఒక టాబ్లెట్ చెబుతుంది. ఆ టాబ్లెట్ వెనకున్న సమాచారాన్నంతా అల్లింది నీలిమే. ఆ సంగతి తవిటయ్య మిల్లులో గేటు కాడి సెక్యూరిటీ దగ్గర్నుంచి క్యాంటీన్లో ఇడ్లీలు వేసేవాడి దాకా అందరికీ చాటాడు. కిందటి షట్‌డౌన్ దాకా వాళ్ళకొక ఆనవాయితీ ఉండేది. గొట్టంలోకి ఎవరు దిగినా, కట్టిన వాల్వు దగ్గర దిగినవాడి సొంత మనిషి ఒకడు కూర్చోవాలి. తమ్ముడో, బావమరిదో, మేనల్లుడో. చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంటే లోపలివాడు బయటికొచ్చేదాకా లేవకూడదు. టీ కూడా అక్కడికే తెచ్చిచ్చేవారు. తగరపువలస చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన గ్యాంగు కాబట్టి ఎవరో ఒక చుట్టం దొరికేవాడు. టాబ్లెట్ వచ్చాక మిల్లువాళ్ళు ఆ మనిషి అక్కర్లేదన్నారు. మిగతా మేస్త్రీలు గొణిగారు గానీ, అందరికంటే ముందు సరేనన్నది తవిటయ్య.

"మా మరదలు సేసింది, అదే సాలు అని సెప్పీసినాను," అని అప్పట్లో ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు.

ఆ రోజు ఆ మాటకి నీలిమ మురిసిపోయింది. ఇవాళ అదే మాట గుర్తొచ్చి భయమేసింది. ఎందుకంటే ఫర్నేసు లైనుకి ఆమెకి తెలిసిన వాల్వు ఒక్కటే. అది బొగ్గు యార్డు వైపుంది. దాని చక్రం ఎర్రది. ఫోటో తనే తీసింది. రెండో గ్యాస్ ప్లాంటు వైపు నీలం చక్రం ఆమె సమాచారంలో ఎక్కడా లేదు.

ఆఫీసు ఆటోనగర్‌లో, లేత్ మిషన్ల షెడ్డు మీది అంతస్తు. కింద ఇనుము కోస్తుంటే పైన కుర్చీలు సన్నగా వణుకుతాయి. నీలిమ చెప్పులు విప్పకుండానే కంప్యూటర్ ముందు కూలబడింది.

వాళ్ళ పని చెప్పుకోవడానికి తేలిక. ఫ్యాక్టరీల పాత డ్రాయింగులు చూసి, అందులో ఉన్న ప్రతి పంపునీ, ప్రతి గొట్టాన్నీ, ప్రతి వాల్వునీ కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాయాలి. అన్నీ చేత్తో రాస్తే జన్మ చాలదు. అందుకని టెంప్లేట్లు తయారు చేసుకుంటారు. అదొక అచ్చు. లైను పేరు, ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, లోపల పారేదేమిటి, దానికి కట్టే వాల్వు ఏది అని ఖాళీలుంటాయి. ఖాళీలు నింపితే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క వరసని బోలెడు వాక్యాలుగా విప్పుకుంటుంది. ఆ తర్వాత తర్కం నడిపే ప్రోగ్రాం ఒకటి ఆ వాక్యాలన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయేమో చూస్తుంది. అడ్డం పడితే తెర మీద ఎరుపు. లేకపోతే పచ్చ. ఆఫీసులో అందరూ ఎరుపంటే హడలిపోయేవాళ్ళే. పచ్చ వచ్చిన రోజు బాస్ శివరామకృష్ణ గారు కింద కొట్టు నుంచి సమోసాలు తెప్పించేవారు.

ఫర్నేసు లైను పచ్చగానే ఉంది. వాల్వుల సంఖ్య దగ్గర ఒకటి అనే ఉంది. నీలిమ ఆ వాల్వు పేరు మీద నొక్కింది. దానికి రెండు పేర్లు కనిపించాయి. ఒకటి పాత డ్రాయింగులోది. ఇంకోటి, మిల్లు పెంచినప్పుడు గీసిన కొత్త డ్రాయింగులోది. ఒకే వాల్వు, రెండు పేర్లు, బొగ్గు యార్డు ఫోటో.

ఇలా ఎందుకనుకున్నావని ప్రోగ్రాంని అడిగే వీలుంది. అడిగింది. జవాబు వెంటనే వచ్చింది.

ఈ లైనుకి కట్టే వాల్వు ఒక్కటే.
ఈ లైనుకి పాత డ్రాయింగులో ఒక వాల్వు ఉంది.
ఈ లైనుకి కొత్త డ్రాయింగులో ఒక వాల్వు ఉంది.
కనుక ఆ రెండూ ఒకటే.

నీలిమ ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివింది. ప్రోగ్రాం ఎక్కడా తప్పు చెయ్యలేదు. మొదటి వాక్యం నిజమైతే చివరిది నిజమే. ఆ మొదటి వాక్యం రాసింది తను. మిల్లువాళ్ళు ఒకసారి వాల్వులన్నిటికీ నంబర్లు మార్చడంతో ఒకే వాల్వు రెండు డ్రాయింగుల్లో రెండు పేర్లతో ఉండేది. ఆ చిక్కు విప్పలేక అందరూ తలలు పట్టుకుంటే, లైనుకి వాల్వు ఒక్కటే అన్న రూలు నీలిమ టెంప్లేట్లో పెట్టింది. అంతే, జంట పేర్లన్నీ వాటంతటవే కలిసిపోయాయి. ఊళ్ళో వాళ్ళ నాన్నకి పిలిచే పేరొకటి, రేషను కార్డులో పేరొకటి ఉండేది. మనిషి ఒక్కడే. వాల్వులూ అంతేననుకుంది. ఆ రోజు శివరామకృష్ణ గారు సమోసాలతో సరిపెట్టుకోకుండా మిఠాయి కూడా తెప్పించారు.

అయితే ఫర్నేసు లైనుకి ఇప్పుడు రెండు చివర్ల నుంచీ గ్యాసు వస్తుంది. మిల్లు పెంచినప్పుడు రెండో గ్యాస్ ప్లాంటు కట్టి అటువైపు కూడా కలిపారు. అక్కడున్నది ఇంకో వాల్వు. మనిషి వేరు, పేరు వేరు. ప్రోగ్రాం వాళ్ళిద్దరినీ ఒక్కడని తేల్చింది, ఒకణ్ణి తుడిచేసింది.

టెంప్లేట్ తెరిచి ఒక్క వరస చేర్చింది. వేరు వేరు పేర్లున్నవి వేరు వేరు వస్తువులే. మళ్ళీ నడిపింది. తెర పైనుంచి కిందిదాకా ఎర్రబడిపోయింది. ఫర్నేసు లైను ఒక్కటే కాదు, నీళ్ళ లైన్లు, ఆవిరి లైన్లు, ఆక్సిజన్ లైన్లు. వీటిలో నిజంగా ఒకటే వాల్వున్నవి ఏవో, రెండున్నవి ఏవో కుర్చీలో కూర్చుని చెప్పడం ఎవరి తరమూ కాదు. వెళ్ళి కళ్ళతో చూడాల్సిందే.

శివరామకృష్ణ గారు ఆమె వెనక నుంచుని ఆ ఎరుపు చూశారు. భీమవరం నుంచి వచ్చి ఈ ఆఫీసు నిలబెట్టుకున్న మనిషి. నుదుటి విభూతి మీద బొటనవేలితో రుద్దుకోవడం ఆయన కంగారుకి గుర్తు. ఇప్పుడు ఆ వేలు ఆగడం లేదు. చివరికి కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ కొత్త వరస తీసెయ్యమని నెమ్మదిగా అన్నారు. షట్‌డౌన్ అయ్యాక వచ్చే వెర్షన్‌లో చక్కగా సరిచేద్దామన్నారు. ఇప్పుడు ఈ ఎరుపు మిల్లువాళ్ళకి చూపిస్తే, ఇన్నాళ్ళు ఇచ్చిన పచ్చంతా అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని, ఆ తర్వాత ఆటోనగర్‌లో మన మెట్లు ఎక్కేవాడే ఉండడని అన్నారు.

నీలిమ రెండో వాల్వు సంగతి చెప్పింది.

"వాళ్ళ దగ్గర మీటర్లుంటాయి కదమ్మా. కొలిచి చూసుకోకుండా మనుషుల్ని దింపుతారా?"

"పొద్దున్న కొలిస్తే సున్నా వస్తుంది సార్. రెండో ప్లాంటు అప్పటికి ఇంకా వెలిగించరు. మధ్యాహ్నం వెలిగిస్తారని వాళ్ళ షెడ్యూల్లో ఉంది. మా బావ అప్పుడు లోపల ఉంటాడు."

ఆయన వేలు నుదుటి మీదే ఆగిపోయింది. నీలిమ ముఖం వైపు చూడకుండా, కిటికీలోంచి కింద లేత్ షెడ్డు రేకుల్ని చూస్తూ అన్నారు.

"అయితే మీ బావగారిని ఆ రోజుకి సెలవు పెట్టమనమ్మా."

ఆ మాటకి ఆమెకి కోపం రావలసింది. రాలేదు. అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆ క్షణంలో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అవును కదా, బావ దిగకపోతే చాలు కదా అనుకుంది. ఆ వరస తీసేసింది. తెర మళ్ళీ పచ్చబడింది. ఇన్నేళ్ళలో ఆ పచ్చని చూసి భయపడడం ఆమెకదే మొదలు.

సాయంత్రం గంగాభవాని సావిట్లో పళ్ళెం ముందు పెట్టుకుని చేపలు తోముతోంది. జాలరిపేట నుంచి వచ్చే గంపామె గాజువాక దాకా మోసుకొచ్చేసరికి ధర పెంచేస్తుందని తిడుతూనే ఆవిడ దగ్గరే కొంటుంది. తవిటయ్య గుమ్మంలో కూర్చుని బూట్ల మేకు సరిచేసుకుంటున్నాడు. నీలిమ పక్కన కూర్చుని, ఎల్లుండికి సెలవు పెట్టమంది. ఒంట్లో బాగోలేదని చెప్పమంది. ఎందుకని అడిగితే ఊరికేనంది. తవిటయ్య ఆమెని ఎగాదిగా చూసి, పాడు కలేమైనా వచ్చిందా అని ఎగతాళి చేశాడు. మేస్త్రీ లేకుండా గ్యాంగు ఎలా దిగుతుందనీ, తను ఇంట్లో పడుకుని వాళ్ళని లోపలికి తోస్తే ఊళ్ళో ముఖం ఎలా చూపిస్తాననీ మామూలుగా అన్నాడు. అతనికి అదొక పెద్ద సంగతిగా కూడా తోచలేదు.

నీలిమకి ఆ గ్యాంగులో వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. అక్క పెళ్ళిలో పందిరి వేసినవాళ్ళు వాళ్ళే. పొద్దున్న ఆఫీసులో వాళ్ళు ఒక్కరూ గుర్తు రాలేదు.

"పోనీ వాల్వు మీద మనిషిని పెట్టు బావా. మునపటిలాగ."

"నీ టాబ్లెట్ డబ్బా ఉండగా మనిషెందుకే?" అని తవిటయ్య నవ్వాడు. "నువ్వే అలాగంటే మరి నానేటి సెప్పాల ఆల్లకి? మా మరదలికే దాని మీద నమ్మకం లేదని సెప్పాలా?"

నిజం నోటి చివరిదాకా వచ్చింది. లేదు బావా, నమ్మకం లేదు, దాంట్లో తప్పుంది, ఆ తప్పు నాది. అనలేకపోయింది. అతని ముఖంలో ఆ నవ్వు చెరిగిపోవడం చూడలేననిపించింది. లేచి లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది. గంగాభవాని చెల్లెలి వాలకం కనిపెట్టి, ఏటైందే అని అడిగింది. తలనొప్పి అప్పా అంది.

మర్నాడు మిల్లు షట్‌డౌన్ ఇంచార్జి అర్జునరావు గారికి ఆఫీసు వెనక మెట్ల మీద నుంచుని ఫోన్ చేసింది. ఆయన మీటింగులో ఉన్నారన్నారు. మళ్ళీ చేసింది. ప్లాంటులోకి వెళ్ళారు, లోపలికి ఫోన్లు పట్టుకెళ్ళరు కదా అన్నారు. ఎవరో గుమాస్తా విసుక్కుని, ఏదైనా ఉంటే మీ కంపెనీ నుంచి మెయిల్ పెట్టించండమ్మా అన్నాడు. మెయిల్ పంపేది శివరామకృష్ణ గారు. ఆయన ఆ రోజంతా ఆమె బల్ల వైపు రాలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాత్రం, మీ బావగారు సెలవు పెట్టారా అని అడిగారు. పెట్టలేదు సార్ అంది. ఆయన తల పంకించి మెట్లు దిగిపోయారు.

తెల్లారింది. తవిటయ్య ఎప్పటిలాగే సద్దన్నం తిని, క్యారేజీ బండికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, సాయంత్రం వచ్చేటప్పుడు మరదలి తలనొప్పికి మందు బిళ్ళలు తెస్తానన్నాడు. బండి సందు మలుపు తిరిగేదాకా నీలిమ గుమ్మంలో నుంచుంది. ఆటోనగర్ వెళ్ళే ఆటో వచ్చి ఆగింది. ఎక్కలేదు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి పోయాడు. ఆ తర్వాత లోపలికెళ్ళి, సైటు పనికి వేసుకునే, కొనలో ఇనప రేకున్న బూట్లు తొడుక్కుని, హెల్మెట్ సంచిలో పెట్టుకుంది. ఎక్కడికని గంగాభవాని అడిగింది.

"మిల్లుకి."

"ఎందుకు?"

"బావ లైనుకి వాల్వులు రెండున్నాయప్పా. నాను ఒకటేనని రాసీసినాను."

గంగాభవానికి టెంప్లేట్లూ తర్కమూ తెలీదు. కానీ ఆ వాక్యం అర్థం కావడానికి అవేవీ అక్కర్లేదు. చేతిలోని చేట కింద పెట్టింది. ఎల్లు అన్నట్టు చెయ్యి మాత్రం ఊపింది.

బస్సు కూర్మన్నపాలెం దగ్గర లారీల వెనక ఇరుక్కుపోయింది. దిగి పరిగెత్తితే ముందు చేరతానేమో అన్న పిచ్చి ఊహ వచ్చింది. మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఆమె పాసు తిప్పి తిప్పి చూశాడు. ఈవేళ మీ పేరు లేదే అన్నాడు. డేటా పని, అర్జునరావు గారు రమ్మన్నారని అబద్ధమాడింది. ఫోన్ ఇక్కడే పెట్టాలన్నాడు. చెక్కపెట్టెలో పెడుతుంటే అది మోగడం మొదలెట్టింది. శివరామకృష్ణ గారు. నీలిమ ఒక్క క్షణం దాన్ని చూసి, మోగుతుండగానే పెట్టెలో వదిలేసి లోపలికి నడిచింది.

అర్జునరావు గారు కంట్రోల్ రూం బయట నుంచుని టాబ్లెట్ చూస్తున్నారు. పొడుగాటి మనిషి, నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. నీలిమని చూసి గుర్తుపట్టి, ఏమ్మా మీ సిస్టం బాగా పనిచేస్తోంది అన్నారు. ఫర్నేసు లైను తెర మీద పచ్చగా ఉంది. గ్యాంగు దిగి చాలాసేపైంది. భోజనాల వేళకి రెండో ప్లాంటు వెలిగించాలని పక్క బోర్డు మీద సుద్దతో రాసుంది. భోజనాల సైరనుకి ఇంకెంతో సేపు లేదు.

"ఆ పచ్చ తప్పు సార్."

ఆయన తలెత్తారు.

"ఆ లైనుకి రెండో ప్లాంటు వైపు ఇంకో వాల్వుంది. సాఫ్ట్‌వేర్ రెంటినీ ఒకటిగా కలిపేసింది. అలా కలిపే రూలు రాసింది నేను. బొగ్గు యార్డు వైపుదే కట్టారు. రెండో ప్లాంటు వైపుది కట్టలేదు."

తిడతారనుకుంది. సాక్ష్యం అడుగుతారనుకుంది. ఎవరు పంపారు, మీ బాస్ ఏడని నిలదీస్తారనుకుంది. దారంతా ఆ ప్రశ్నలకి జవాబులు కూర్చుకుంటూ వచ్చింది. అర్జునరావు గారు ఏమీ అడగలేదు. వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని, రెండో ప్లాంటు వెలిగించొద్దు, నేను చెప్పేదాకా ఎవరూ దేని మీదా చెయ్యి వెయ్యొద్దు అన్నారు. ఆ తర్వాత నడవడం మొదలెట్టారు. కాస్త దూరం పోయాక ఆ నడక పరుగైంది. నీలిమ ఇనప బూట్లతో వెనక పడుతూ లేస్తూ వెళ్ళింది.

నీలం చక్రం బావ చెప్పినట్టే నిగనిగలాడుతోంది. అటుమొన్న ఆరేసిన తువ్వాలు ఇంకా దాని మీదే వేలాడుతోంది. పక్కనున్న సూచిక కమ్మీ గొట్టం పోయే దిక్కుకే తిరిగి ఉంది. అంటే వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. అర్జునరావు గారు దాన్ని చూసి గట్టిగా ఊపిరి వదిలారు. ప్లాంటు నుంచి వచ్చిన ఆపరేటరూ ఆయనా కలిసి చక్రం తిప్పారు. కొత్తది కావడంతో బిగుసుకుని ఉంది. నీలిమ కూడా రెండు చేతులూ వేసింది. కమ్మీ కొద్దికొద్దిగా అడ్డం తిరిగి, చివరికి ఆగింది.

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి?" అని అడిగారు అర్జునరావు గారు.

"తెలీదు సార్."

ఆయన ఆపరేటర్ని తాళం తెమ్మని పంపించి, లోపలివాళ్ళని బయటికి పిలవాలి, వాళ్ళు దిగిన మ్యాన్‌హోల్ దగ్గరికి నేను వెళ్తున్నానన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"తాళం పడేదాకా మీరిక్కడే ఉండండి. ఎవరొచ్చి ఏం చెప్పినా చక్రం వదలొద్దు."

ఆయన వెళ్ళిపోయాక నీలిమ ఒక్కతే మిగిలింది. తువ్వాలు తీసి ఒడిలో పెట్టుకుని, వాల్వు పక్కన కాంక్రీటు దిమ్మె మీద కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసింది. ఇనుము ఎండకి కాలుతోంది. చెయ్యి తియ్యలేదు. ఎక్కడో ఏదో దబ్బుమని మోగినప్పుడల్లా తలెత్తి చూస్తోంది. తలపైన ఆ గొట్టం ఫర్నేసు వైపు పోతోంది. దాని లోపల ఎక్కడో బావ వంగి నడుస్తున్నాడు. కట్టిన వాల్వు కట్టినట్టే ఉందా, లోపలెక్కడైనా కారుతోందా, అంతకుముందే ఏమైనా దూరిందా అని మనసు ఊరుకోకుండా అడుగుతోంది. తెర మీద అయితే ఎందుకని అడగొచ్చు, జవాబొస్తుంది. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు. భోజనాల సైరను మోగింది. రోడ్డు మీద పోయే మనుషులు ఆగి, ఈ పిల్లెవరు, ఇక్కడేటి సేస్తందని చూసి పోతున్నారు. దాహమేసింది. లేవలేదు.

తాళం వచ్చింది. ఆపరేటరు గొలుసు చుట్టి తాళం వేసి, ఇంక లేవండమ్మా అన్నాడు. లోపలున్నోళ్ళు వచ్చారా అని అడిగింది. వస్తన్నారన్నాడు. అయితే వచ్చాక లేస్తానంది.

వాళ్ళు వచ్చారు. ముఖాలూ చేతులూ మసి, కళ్ళు మాత్రం తెల్లగా. గుంపులో ముందు తవిటయ్య. మరదలు దిమ్మె మీద కూర్చుని నీలం చక్రం పట్టుకుని ఉండడం దూరం నుంచే చూసి అతని నడక ఆగింది. అర్జునరావు గారు మ్యాన్‌హోల్ దగ్గర ఏం చెప్పారో ఏమో, ఆ కమ్మీనీ, తాళాన్నీ, పైన గొట్టాన్నీ వరసగా చూసుకున్నాడు. మొన్న ఈ వాల్వు కిందే కూర్చుని అన్నం తిన్న సంగతి అతనికీ తట్టినట్టుంది. నీలిమకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. చక్రం వదలకుండానే ఏడ్చింది.

గ్యాంగులో పెద్దవాడొకడు తువ్వాలు కోసం చెయ్యి చాపుతూ, డబ్బా సేసినామె ఈయమ్మేనా అని తవిటయ్యని అడిగాడు. తవిటయ్యకి అంతా అర్థమైంది. అర్థమైంది కాబట్టే గొంతు తగ్గించాడు.

"కాదు. మా ఇంటి పిల్ల. వాల్వు మీద కూకోడానికి వొచ్చింది."

అతను తనని కాస్తున్నాడని నీలిమకి తెలుసు. ఊరంతా చాటుకున్నవాడు ఇప్పుడు అదే మాట దాస్తున్నాడు. ఊఁ అంటే సరిపోతుంది. శివరామకృష్ణ గారు వచ్చే వెర్షన్‌లో అంతా చక్కగా సరిచేస్తారు. సాయంత్రం అక్క చేపల పులుసు వేడి చేస్తుంది. రేపు వీళ్ళు ఇంకో గొట్టంలో దిగుతారు.

"నానే సేసినాను," అంది. "మీరు దిగిన లైనుకి వాల్వులు రెండు. నాను ఒకటేనని రాసినాను. దాంట్లో ఇలాగ ఇంకా ఉన్నాయి. ఏవో నాకే తెలీదు."

తిట్టినా బావుండును. పెద్దవాడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మసి పోలేదు, అటూ ఇటూ పులుముకుంది. తవిటయ్య తలొంచుకుని బూటు కొనతో నేల గీస్తున్నాడు. చెల్లెలంతటి మరదలు తన మాట తీసెయ్యడం అతనికి ఎలా ఉందో చూడ్డానికి నీలిమకి ధైర్యం చాలలేదు.

"మరి రేపు ఆవిరి లైను," అన్నాడు పెద్దవాడు. "దానికెన్ని?"

"పచ్చగానే ఉంది," అంది నీలిమ. "అందుకే సూడాల."

తవిటయ్య తలెత్తాడు. ఆమె వైపు చూశాడు. ఆ చూపులో పాత గర్వం లేదు, కోపమూ లేదు. దగ్గరికొచ్చి, చక్రం మీద బిగుసుకుపోయిన ఆమె వేళ్ళని ఒక్కొక్కటే విప్పాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. బయటికొచ్చీసినాం కదే, ఇంక వొదిలీ అన్నాడు.

క్యారేజీలు విప్పకుండానే గ్యాంగు కదిలింది. ఆవిరి లైను బాయిలర్ దగ్గర మొదలవుతుందని ఎవరో అన్నారు. అక్కడి నుంచి మొదలెడదామన్నాడు తవిటయ్య. దారిలో అర్జునరావు గారి టాబ్లెట్ అడిగి తీసుకుంది నీలిమ. ఒకడు అటు పక్క, ఒకడు ఇటు పక్క, తలలు పైకెత్తి గొట్టం వెంబడే నడవసాగారు. ఎక్కడ చక్రం కనిపించినా ఆగి, దాని మీద చెయ్యేసి, నీలిమ వైపు తిరిగి ఇదుందా అని అడుగుతున్నారు. మొదటిది ఉంది. రెండోదీ ఉంది. మూడో చక్రం దగ్గర తవిటయ్య చెయ్యేసి ఆగాడు.

నీలిమ టాబ్లెట్‌లో వెతికింది. మళ్ళీ వెతికింది.

"లేదు బావా," అంది.

తవిటయ్య చెయ్యి తియ్యకుండా, ఆ పెద్దవాణ్ణి పిలిచి అక్కడ కూర్చోమన్నాడు.